స్పోర్ట్స్ కారు లోపలి సామాను తీసి బరువు తగ్గించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సీట్లు, కార్పెట్లు, లైనింగులు తీసేసి కారు బరువు తగ్గించాలనుకునేవాళ్లు పని మొదలుపెట్టే ముందూ, సగం విప్పి ఆగిపోయినప్పుడూ అడిగే ప్రశ్నలు ఇవి. నా కారును రెండు విడతలుగా విప్పి, ప్రతి భాగాన్నీ తూచి రాసుకున్న నోటుపుస్తకం ఈ సమాధానాలకు ఆధారం. ఏ కారు తూకం దానిదే కాబట్టి, ఇక్కడ ఇచ్చిన బరువులను అంచనాలుగా మాత్రమే తీసుకోవాలి.

లోపలి సామాను మొత్తం తీసేస్తే ఎంత బరువు తగ్గుతుంది?

చాలామంది ఊహించుకునేదానికంటే తక్కువే తగ్గుతుంది. విప్పిన ప్లాస్టిక్ లైనింగులూ కార్పెట్లూ గుట్టగా పోస్తే సగం గది నిండుతుంది కానీ, ఆ గుట్టను కాటా మీద పెడితే ముల్లు పెద్దగా కదలదు. సాధారణంగా మోటారుతో కదిలే ముందు సీటు ఒక్కొక్కటి 20 నుంచి 30 కిలోలు, వెనక సీటు 15 నుంచి 25 కిలోలు, స్టెప్నీ, జాకీ, పానాలు అన్నీ కలిపి 15 నుంచి 20 కిలోలు తూగుతాయి. అడుగున మందపాటి దిండు ఉన్న కార్పెట్ పది కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, డోర్ ప్యాడ్ రెండు మూడు కిలోలకు మించదు. ఏసీ వ్యవస్థ మొత్తం ఊడదీస్తే మరో 15 నుంచి 20 కిలోలు పోతాయి. తీసినవాటిలో కొన్నింటి స్థానంలో వేరేవి బిగించక తప్పదు. ఆ లెక్క కూడా వేసుకుంటే, రోడ్డు మీద నడపడానికి పనికొచ్చేలా ఉంచుకునే కారులో 50 నుంచి 80 కిలోలు, రేసు ట్రాక్ మీదే తిరిగే కారులో 100 కిలోలకు కొంచెం పైన తగ్గడం సహజం.

కంపెనీలు తయారుచేసిన తేలిక కార్లలో ఎంత తగ్గింది?

ఆ అంకెలు చూస్తే ఆశలు అదుపులోకి వస్తాయి. 1973 నాటి పోర్షే 911 కరేరా ఆర్ఎస్ 2.7లో తేలికైన స్పోర్ట్ రకం 960 కిలోలు, సౌకర్యాలున్న టూరింగ్ రకం 1075 కిలోలు తూగేవి. స్పోర్ట్ రకంలో వెనక సీట్లు, కార్పెట్లు, గడియారం, కోటు తగిలించే కొక్కేలు, చేతులు ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్‌లు కూడా తీసేశారు. 1992లో వచ్చిన హోండా ఎన్ఎస్ఎక్స్-ఆర్ మామూలు ఎన్ఎస్ఎక్స్ కంటే సుమారు 120 కిలోలు తేలిక, 2008లో వచ్చిన రెనో మెగాన్ ఆర్26.ఆర్ తన మూల కారు కంటే 123 కిలోలు తేలిక. తేడాలు 115, 120, 123. కావలసిన వనరులన్నీ ఉన్న ఇంజినీర్లు, సీట్లతో పాటు కొన్నిచోట్ల అద్దాలూ బానెట్టూ కూడా మార్చి సాధించిన తగ్గుదల ఇది. అటువంటప్పుడు కార్పెట్, వెనక సీటు తీసి 200 కిలోలు తగ్గించామని ఎవరైనా చెబితే, ఏ కాటా మీద తూచారో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఆ తగ్గుదల నడిపేటప్పుడు తెలుస్తుందా?

తెలుస్తుంది, కానీ అన్నిచోట్లా ఒకేలా కాదు. డ్రైవరుతో కలిపి 1300 కిలోలున్న, 200 హార్స్‌పవర్ ఇంజను కలిగిన కారు నుంచి 65 కిలోలు తీసేస్తే, అంటే 5 శాతం తగ్గిస్తే, వేగం పుంజుకునే తీరులో అది దాదాపు 210 హార్స్‌పవర్ కారుతో సమానమవుతుంది. అదే పది హార్స్‌పవర్‌ను ఇంజను నుంచి రాబట్టుకుంటే లాభం యాక్సిలరేటర్ తొక్కినప్పుడే కనిపిస్తుంది. తగ్గిన బరువు మాత్రం బ్రేకు వేసినప్పుడూ, మలుపు తిరిగేటప్పుడూ కూడా పనిచేస్తుంది. కారు గమన శక్తి బరువుకు అనుపాతంలో ఉంటుంది కాబట్టి, అదే వేగం నుంచి ఆగడానికి బ్రేకులు మింగవలసిన వేడి కూడా 5 శాతం తగ్గుతుంది. ట్రాక్ మీద వరుసగా తిరిగేటప్పుడు పదో చుట్టులో బ్రేకు పెడల్ మెత్తబడకుండా నిలబడటంలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఆగే దూరం కూడా 5 శాతం తగ్గుతుందని అనుకోకూడదు. టైరు మీద భారం తగ్గితే దాని పట్టు కూడా దాదాపు అదే పాళ్లలో తగ్గుతుంది కనుక, మిగిలే లాభం కొద్దిగానే ఉంటుంది. ఇక గరిష్ఠ వేగాన్ని ప్రధానంగా గాలి నిరోధం నిర్ణయిస్తుంది కాబట్టి అందులో చెప్పుకోదగిన మార్పు రాదు.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

కాటా దగ్గర. విప్పిన ప్రతి భాగాన్నీ దాని బోల్టులతో సహా తూచి, ఆ అంకెను అప్పటికప్పుడు రాసుకోవాలి. చేత్తో ఎత్తి వేసే అంచనాలు నమ్మదగినవి కావు. నేను బరువైనదనుకుని రెండు గంటలు కష్టపడి ఊడదీసిన డిక్కీ లైనింగు ఒకటిన్నర కిలో తూగింది. దాని కింద ఎప్పటి నుంచో పడి ఉన్న పాత పానాల సంచి నాలుగు కిలోలుంది. చిన్న భాగాలకు వంటింటి కాటా, సీట్ల వంటివాటికి మనుషులు ఎక్కి తూచుకునే కాటా సరిపోతాయి. కారును మొత్తంగా తూచడానికి లారీల వేబ్రిడ్జికి తీసుకెళ్లేవారున్నారు కానీ, అక్కడ బరువు తరచుగా 10, 20 కిలోల మెట్లలోనే చూపిస్తుంది కాబట్టి చిన్న మార్పులు అందులో దొరకవు. నాలుగు చక్రాల కిందా విడివిడిగా పెట్టే కార్నర్ స్కేళ్లు దొరికితే అవే ఉత్తమం.

పానా పట్టకుండానే తగ్గే బరువు కూడా ఉంది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి, ట్రాక్ రోజున ట్యాంకులో 40 లీటర్లు తక్కువ ఉంటే 30 కిలోలు తగ్గినట్టే. ఇది రెండు డోర్ ప్యాడ్‌లు, రూఫ్ లైనింగు, కార్పెట్ కలిపి తీసినదానికంటే ఎక్కువ.

సీట్లు మార్చడంలో ఏమేం గమనించాలి?

మొత్తం పనిలో లాభం ఎక్కువగా ఉండేదీ, పొరపాటు జరిగితే ప్రమాదం ఎక్కువగా ఉండేదీ ఇదే. ఫైబర్‌గ్లాస్ బకెట్ సీటు ఆరు నుంచి తొమ్మిది కిలోలే ఉంటుంది, కానీ దానికి కావలసిన పక్క బ్రాకెట్లు, పట్టాలు, అడుగు ఫ్రేము కలిస్తే మరో నాలుగైదు కిలోలు చేరతాయి. కాబట్టి అసలు తేడాను అమరికతో సహా తూచి లెక్కించాలి.

నేటి కార్లలో ముందు సీటు కూర్చునే వస్తువు మాత్రమే కాదు. దాని పక్కన సైడ్ ఎయిర్‌బ్యాగ్, బెల్టు బకిల్ దగ్గర ప్రిటెన్షనర్ (గుద్దుకున్న క్షణంలో బెల్టును బిగించేది), ప్రయాణికుడి సీటు కింద మనిషి కూర్చున్నాడో లేదో పసిగట్టే సెన్సారు ఉండవచ్చు. ఎయిర్‌బ్యాగ్‌లోనూ, చాలా ప్రిటెన్షనర్లలోనూ పేలే మందు ఉంటుంది. విప్పే ముందు బ్యాటరీ తీగ తీసేసి, కారు సర్వీసు మాన్యువల్ చెప్పినంత సేపు ఆగి, ఆ తరువాతే సీటు కింది కనెక్టర్లను ముట్టుకోవాలి. ఆ కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటిని మల్టీమీటరుతో పరీక్షించకూడదు, ఎందుకంటే మీటరు పంపే చిన్న కరెంటు కూడా ఎయిర్‌బ్యాగును పేల్చే అవకాశం ఉంది. సీటు తీసేశాక డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఉండిపోతుంది, చాలా కార్లలో అప్పుడు మిగిలిన ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేయవు. రెసిస్టరు పెట్టి దీపాన్ని ఆర్పేయడం ఎక్కువమంది చెప్పే చిట్కా. ఆ చిట్కా కంప్యూటరును నమ్మిస్తుందే తప్ప, పక్క నుంచి గుద్దినప్పుడు తలను కాపాడదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

పోటీలకు వెళ్లేవారు సీటు మీద ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు పోటీల సంస్థ) చీటీ చూసుకోవాలి. 8855-1999 ప్రమాణం కింద చేసిన సీటు తయారైన నాటి నుంచి ఐదేళ్లు, 8862-2009 ప్రమాణం కింద చేసినది పదేళ్లు చెల్లుతుంది. గడువు దాటిన సీటు ఎంత కొత్తగా కనిపించినా తనిఖీలో నిలవదు.

బకెట్ సీటుతో పాటు రేసింగ్ బెల్టులు కూడా బిగించాలా?

సీటు, బెల్టు, రోల్ బార్ (పల్టీ కొట్టినప్పుడు పైకప్పు అణగకుండా ఆపే ఉక్కు గొట్టం), హెల్మెట్ ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి. వాటిలో ఒకటి మాత్రమే మార్చితే కారు ముందున్నదానికంటే ప్రమాదకరంగా తయారు కావచ్చు. భుజాల పట్టీలు దూరే రంధ్రాలు లేని మామూలు సీటుకు నాలుగు పట్టీల బెల్టు బిగిస్తే, గుద్దుకున్నప్పుడు నడుము పట్టీ పైకి జరిగి, మనిషి దాని కిందుగా ముందుకు జారిపోతాడు. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీలున్న ఆరు పట్టీల బెల్టులు అందుకే ఉన్నాయి. భుజాలు గట్టిగా బిగిసి ఉన్నప్పుడు తల ఒక్కటే ముందుకు విసిరేసినట్టు పోతుంది కాబట్టి, మెడను కాపాడే హాన్స్ వంటి పరికరం కూడా కావాలి. రోల్ బార్ లేని కారు పల్టీ కొట్టి పైకప్పు అణిగినప్పుడు, మామూలు మూడు బిందువుల బెల్టులో ఉన్న మనిషికి పక్కకు ఒరిగే వీలైనా ఉంటుంది. రేసింగ్ బెల్టు మనిషిని నిటారుగా కట్టిపడేస్తుంది.

రోల్ కేజ్ బిగిస్తే తగ్గించిన బరువంతా తిరిగి వచ్చేస్తుంది కదా?

కొంత వస్తుంది. పూర్తి స్థాయి ఉక్కు కేజ్, అంటే కారు లోపల చుట్టూ అల్లిన గొట్టాల పంజరం, 30 నుంచి 50 కిలోల దాకా ఉంటుంది. కానీ అది కారు చట్రాన్ని బిగువుగా మార్చి సస్పెన్షన్ పనిని మెరుగుపరుస్తుంది కనుక దానిని వృథా బరువుగా చూడకూడదు. రోడ్డు మీద నడిపే కారులో మాత్రం పూర్తి కేజ్ వద్దు. హెల్మెట్ లేని తలకు పక్కనే ఉక్కు గొట్టం ఉండటం చిన్న ప్రమాదాన్ని కూడా పెద్దది చేస్తుంది.

కార్పెట్ కింద అతికించిన తారు పలకలను ఎలా తీయాలి?

కారు నేలరేకు కంపించి చప్పుడు చేయకుండా కంపెనీవాళ్లు తారు పలకలను వేడితో అతికిస్తారు. వాటిని తీయడానికి తేలికైన మార్గం డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. దాని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 78.5 డిగ్రీల సెల్సియస్. ముక్కలను పలక మీద పరిచి, పైన పాత దుప్పటి కప్పి, పది నిమిషాలు ఆగితే తారు బిగుసుకుని చిటచిటమని చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు సుత్తితో మెల్లగా తడితే పలక గాజులా పగిలి, రేకు నుంచి పెళుసు ముక్కలుగా ఎగిరి వస్తుంది. సరిగా చల్లబడిన చోట కింద కంపెనీ పెయింటు గీత పడకుండా మెరుస్తూ కనిపిస్తుంది. తొందరపడి ముందే కొడితే తారు సాగి, ఉలి రేకులోకి దిగుతుంది. నిలువు గోడల మీద డ్రై ఐస్ నిలవదు కాబట్టి అక్కడ హీట్ గన్‌తో మెత్తబరిచి గీకడమే దారి.

డ్రై ఐస్ ఆవిరైనప్పుడు వచ్చే వాయువు గాలి కంటే బరువైనది, వాసన లేనిది. కాళ్లు పెట్టుకునే గుంతలో అది నిండి ఉండగా మీరు తలకిందులుగా వంగి పనిచేస్తుంటే, ఏమైందో తెలిసేలోపే స్పృహ తప్పవచ్చు. తలుపులూ డిక్కీ తెరిచి, కారును షెడ్డు బయటకు తెచ్చి, ఫ్యాను పెట్టి, ఒకరిని తోడుంచుకుని పనిచేయాలి. మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కొనుక్కొచ్చేటప్పుడు కూడా కారు అద్దాలు దించి ఉంచాలి.

ఇంతా చేసి తగ్గేది కొన్ని కిలోలే. ట్రాక్ కారుకు ఇది సబబు, రోజూ నడిపే కారుకు కాదని నా అభిప్రాయం.

నేల రేకులో కనిపించే రంధ్రాలను వదిలేయవచ్చా?

వదిలేయకూడదు. కార్పెట్, సీట్లు తీశాక బెల్టు బోల్టుల రంధ్రాలు, కంపెనీలో పెయింటు కారిపోవడానికి పెట్టిన రంధ్రాలు బయటపడతాయి. వాటి నుంచి నీటికంటే ముందు సైలెన్సర్ పొగ లోపలికి వస్తుంది, అందులో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వెనక సీటు కింద ఉన్న రబ్బరు బిరడా ఒకటి కార్పెట్‌తో పాటే ఊడి వచ్చిన సంగతి నేను గమనించలేదు. అద్దాలు మూసుకుని నడిపిన మొదటి అరగంటలో తలనొప్పి మొదలైతే, దానిని కొత్త సీటు మీదకు నెట్టేశాను. అటు తరువాత వాన పడిన రోజున అదే రంధ్రం నుంచి నీళ్లు చిమ్మితే గానీ అసలు కారణం తెలియలేదు. చాలా కార్లలో పెట్రోలు పంపు మూత కూడా వెనక సీటు కిందే ఉంటుంది. సీటు తీసేసినప్పుడు దానిపై లోహపు పలక బిగించి, అంచులు సీలు చేయాలి.

డోర్ ప్యాడ్‌లు తీసేస్తే నష్టం ఏమిటి?

లాభం తక్కువ, చికాకు ఎక్కువ. ప్యాడ్ వెనక ఉన్న ప్లాస్టిక్ పొర చాలామందికి పనికిమాలినదిగా కనిపిస్తుంది, నిజానికి అద్దం పక్క నుంచి డోరులోకి దిగే నీటిని బయటకే పోనిచ్చేది అదే. ప్యాడ్ తీసినా ఆ పొరను ఉంచి, పైన పలుచని అల్యూమినియం రేకు బిగించుకోవచ్చు. లోపలి హ్యాండిల్‌కు బదులు గుడ్డ పట్టీ పెట్టడంలో తప్పులేదు, పోర్షే తన జీటీ3 ఆర్ఎస్ కార్లకు అదే పెడుతుంది. డోరు లోపల అడ్డంగా ఉండే ఉక్కు దూలాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కోయకూడదు.

ఏసీ, హీటర్ తీసేయవచ్చా?

ఏసీ గురించి తొందరపడవద్దని నా సలహా. 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40లో కార్పెట్ లేదు, స్టీరియో లేదు, లోపల డోరు తెరవడానికి హ్యాండిల్‌కు బదులు తీగ లాగాలి. అంత కఠినంగా బరువు తగ్గించిన ఆ కారులోనూ ఏసీ ఉంచారు, ఎందుకంటే ఇంజను వేడికి లోపల కూర్చోవడం కష్టం. వేడికి అలసిన డ్రైవరు పోగొట్టే సమయం ఏసీ బరువు తీసుకునే సమయం కంటే ఎక్కువ. తీసేయాలనే నిశ్చయించుకుంటే, గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా యంత్రంతో వెనక్కి తీయించాలి. హీటరు, బ్లోయరు మాత్రం ఉంచాలి. వానలో ముందు అద్దం మీద పట్టే ఆవిరిని పోగొట్టేది అవే.

వైరింగ్ తగ్గించడం లాభమేనా?

పాత కార్లలో లాభమే. కొత్త కార్లలో ఒక చిన్న మాడ్యూల్ (ఎలక్ట్రానిక్ పెట్టె) తీసేసినా మిగిలినవి దాని జవాబు కోసం ఎదురుచూసి లోపాలు చూపిస్తాయి, ఒక్కోసారి ఇంజనే స్టార్టు కాదు. స్పీకర్లు, ఆంప్లిఫయర్ వంటివి తీసి, తీగ చివరలకు టేపు చుట్టి కట్టేయడంతో ఆగిపోవడం మేలు. కార్పెట్ పోయాక బయటపడిన తీగలు రేకు అంచులకు రాసుకోకుండా తొడుగు వేయాలి.

అద్దాల బదులు పాలీకార్బొనేట్ వాడవచ్చా?

ఇది గట్టి పారదర్శక ప్లాస్టిక్. గాజుతో పోల్చితే దాని సాంద్రత సగానికంటే తక్కువ. వెనక, పక్క అద్దాలకు ట్రాక్ కార్లలో వాడతారు, తేలికగా గీతలు పడతాయి. ముందు అద్దం లామినేటెడ్ గాజుగానే, అంటే మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న గాజుగానే, ఉండాలి.

బరువు ఎక్కడి నుంచి తీశామన్నది ముఖ్యమా?

చాలా ముఖ్యం, ఎక్కువమంది పట్టించుకోనిది కూడా ఇదే. ముందు ఇంజను ఉన్న 1300 కిలోల కారులో ముందు చక్రాల మీద 54 శాతం, అంటే 702 కిలోలు ఉన్నాయనుకుందాం. వెనక ఇరుసు మీద నుంచి సీటు, స్టెప్నీ కలిపి 45 కిలోలు తీసేస్తే, అదే 702 కిలోలు ఇప్పుడు 1255 కిలోల్లో దాదాపు 56 శాతం అవుతాయి. కారు తేలికైంది కానీ ముక్కు బరువెక్కింది, బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు ఇంకా తేలిపోతాయి. ఇటువంటి కారులో ముందు బానెట్ కింద ఉన్న లెడ్ బ్యాటరీని తేలికైన లిథియం బ్యాటరీగా మార్చితే, పది కిలోలకు పైగా సరైన చోటు నుంచి తగ్గుతాయి.

ఎత్తు లెక్క కూడా ఉంది. కారు గురుత్వ కేంద్రం సుమారుగా నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉంటుంది. కార్పెట్, తారు దానికి కింద ఉన్నవి కనుక వాటిని తీస్తే కేంద్రం రవ్వంత పైకి జరుగుతుంది. సన్‌రూఫ్ తీసి రేకు బిగిస్తే కిందికి దిగుతుంది, కాబట్టి అక్కడ తీసిన కిలో నేలమీద తీసిన కిలో కంటే విలువైనది. బరువు తగ్గాక స్ప్రింగులు పైకి లేచి కారు ఎత్తు పెరుగుతుంది, చక్రాల కోణాలు మారతాయి. అలైన్‌మెంట్ మళ్లీ చేయించి, హెడ్‌లైట్ల చూపును కూడా సరిచేయించాలి.

ఇలా విప్పిన కారును రోజూ నడపగలమా?

నడపగలరు, మీకెంత ఓపిక ఉందో దానిని బట్టి. టైర్లు విసిరే గులకరాళ్ల చప్పుడు, గేర్‌బాక్సు మూలుగు, నేలరేకు వేడి, పెట్రోలు వాసన అన్నీ లోపలికి వస్తాయి. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు ఎనిమిది గంటలు గడిపితే వినికిడికి హాని అని చెబుతారు. ఏమీ లేని రేకు కారులో హైవే మీద ఆ స్థాయి చేరడం కష్టం కాదు. దూర ప్రయాణాలకు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవాలి. నా కారులో రెండో విడతలో తీసిన కార్పెట్‌ను మూడు నెలల తరువాత తిరిగి వేసేశాను.

చట్టం, ఇన్సూరెన్సు, పోటీ నియమాలు ఏమంటాయి?

సీట్ల సంఖ్య, బెల్టులు, ఎయిర్‌బ్యాగుల విషయంలో ప్రతి దేశానికీ తన నియమాలున్నాయి, విప్పే ముందే కనుక్కోవాలి. ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలపకపోతే ప్రమాదం జరిగిన రోజున పాలసీ అక్కరకు రాకపోవచ్చు. చాలా పోటీ తరగతుల్లో కనీస బరువు నిర్ణయించి ఉంటుంది. దానికంటే తేలికైతే సీసపు దిమ్మలో ఉక్కు పలకలో బిగించవలసి వస్తుంది. ఇది నష్టమేమీ కాదు. ఎక్కడో పైన ఉన్న బరువును తీసి, నేలకు దగ్గరగా మీకు కావలసిన చోట పెట్టుకున్నట్టవుతుంది.

తీసిన భాగాలను ఏం చేయాలి?

అమ్మవద్దు. కారు అమ్మే రోజున కొనేవారు మొదట అడిగేవి అవే. ఎయిర్‌బ్యాగు ఉన్న సీటును చెత్తలో పారేయకూడదు, వేడి తగలని పొడి చోట భద్రపరచాలి. విడిగా తీసిన ఎయిర్‌బ్యాగును దాని ముఖం పైకి ఉండేలా పెట్టాలి. ప్రతి భాగం బోల్టులనూ వేరే సంచిలో వేసి, ఏ భాగానివో, ఎంత బరువో చీటీ రాసి, ఆ భాగానికే కట్టండి. ప్లాస్టిక్ క్లిప్పులు తీసేటప్పుడే సగం విరుగుతాయి కాబట్టి, ఆ కారు మోడలుకు దొరుకుతున్నప్పుడే కొత్తవి కొని అదే సంచిలో వేసి ఉంచండి.